గణితం పూచీపడిన కాలువ

"ఇకమీదట ఈ కాలువ తప్పు చేయదు. చేయాలన్నా చేయలేదు. ఇది నేనిస్తున్న హామీ కాదు, సాక్షాత్తూ గణితమే ఇస్తున్న హామీ" అని మంత్రిగారు ప్రకటించిన రోజున అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు లస్కరు లాజరు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పంట కాలువ తలుపులు ఎత్తుతూ దించుతూ ఉన్నవాడు. కాలువ చిట్టచివర, శివారున, ఎకరన్నరలో రెండో పంటగా దాళ్వా వరి వేసుకున్నాడు. చేను పొట్టమీదుంది. పది రోజుల్లో ఒక్క తడి అందాలి, లేకపోతే వెన్నంతా తాలే. అందుకే గణితం పూచీ అనగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

మంత్రిగారు తెప్పించింది ఆషామాషీ సాఫ్ట్‌వేర్ కాదు. కాలువనీ, తలుపుల్నీ, నీటి వంతుల్నీ మోడల్‌గా రాసిస్తే, తప్పు జరిగే దారి ఒక్కటైనా ఉందేమోనని మూలమూలా గాలిస్తుంది. దొరికితే 'కౌంటర్ ఎగ్జాంపుల్' అని ఎర్రరంగులో మెట్టుమెట్టుగా చూపిస్తుంది. దొరక్కపోతే 'ప్రూవ్డ్' అని పచ్చరంగులో రాస్తుంది. ఇక్కడ రుజువు కావలసింది ఒక్కటే వాక్యం: వంతు వచ్చిన ప్రతి చేనికీ నీరు అందుతుంది.

మోడల్ రాసే పని నీటిపారుదల శాఖ ఏఈ తబితది. ఆ అమ్మాయి లాజరుని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "కాలువలో ఏమేం జరుగుతాయో అన్నీ చెప్పండి లాజరు గారూ" అంది. ఆఫీసులో అతనికి కుర్చీ వేసినవాళ్లు అంతకుముందు లేరు. పొంగిపోయి ఏదీ దాచకుండా చెప్పేశాడు. గుర్రపుడెక్క ఎక్కడ అడ్డంపడుతుందో, కరెంటు ఏ వేళప్పుడు పోతుందో, వంతు అయిపోయాక కూడా తలుపు పడకుండా ఎగువ రైతులు తూములో అరటి బోదె ఎలా దూరుస్తారో, అంతా.

సాఫ్ట్‌వేర్ నాలుగు సెకన్లలో ఎర్రగా తేల్చింది. మూడో తూములో బోదె. తలుపు పడదు. శివారుకి చుక్క రాదు.

మూడో తూము కింద పొలం మంత్రిగారి బావమరిదిది.

తబిత పై అధికారి ఈఈ గున్నేశ్వరరావు గారు పరిపాలనలో తలపండినవారు. కంగారు పడలేదు.

"ఈ కౌంటర్ ఎగ్జాంపుల్ ఎవరిచ్చారమ్మా?"

"సాఫ్ట్‌వేర్ ఇచ్చిందండి."

"దానికి ఇవన్నీ చెప్పిందెవరు?"

"లాజరు గారండి."

"అయితే వెనక్కి తీసుకోమను. రాతపూర్వకంగా."

లాజరు రాసిచ్చాడు. నీళ్లొస్తాయంటే ఏం రాసిమ్మన్నా ఇచ్చేలా ఉన్నాడు. సాఫ్ట్‌వేరే మొండికేసింది. దాంతో ఈఈ గారు స్వయంగా మోడల్ సంస్కరణకి పూనుకున్నారు.

"అరటి బోదె మన రికార్డుల్లో ఎక్కడైనా ఉందా? లేదుగా, తీసెయ్యమ్మా."

మళ్లీ ఎరుపే. ఈసారి కరెంటు.

"వ్యవసాయానికి కోతల్లేవని మొన్నేగా ప్రకటించాం. అదీ తీసెయ్."

మళ్లీ ఎరుపు. గుర్రపుడెక్క.

"కిందటేడే తీయించామని రిపోర్టు పంపాం కదా."

"కాలువలో ఉందండి" అంది తబిత.

"మనం రుజువు చేస్తున్నది కాలువని కాదమ్మా, మోడల్‌ని."

అన్నీ తీసేసినా ఎరుపు పోలేదు. శివారు నేల మెరక, నీరెక్కడం లేదు. ఈఈ గారు భోంచేసి వచ్చి, కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"ప్రతి చేనికీ అన్నాం. మొత్తం ఎంత?"

"ఐదొందల నలభై ఎకరాలండి."

"ఐదొందలు చెయ్యి. రౌండు ఫిగరు."

అర సెకనులో పచ్చరంగు వచ్చింది. ఈఈ గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తబిత సంతకం పెట్టనంది, ఆ సంతకం కూడా ఆయనే పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ లాజరు ఆశగా, "పచ్చ అంటే నీళ్లొస్తాయనేగా అండి, తబితమ్మగారూ?" అని అడిగాడు.

ఇక ప్రారంభోత్సవం. దాళ్వా రోజుల్లో ఎటు చూసినా తడి చేలే, వెయ్యి కుర్చీలు వేయడానికి జానెడు పొడినేల దొరకదు. వెతగ్గా వెతగ్గా శివారున గంగరాజు చేను దొరికింది. నీళ్లు లేక అప్పటికే ఎండిపోయి, నెర్రెలిచ్చి గట్టిగా ఉంది. దాని పక్కదే లాజరు చేను. రామచంద్రపురం నుంచి షామియానాలొచ్చాయి. మంత్రిగారు వేదిక ఎక్కబోతూ చెప్పులు చూసుకుని, "ఎక్కడా బురదన్నదే లేదు, ఎంత మంచి నేలండీ" అని మెచ్చుకున్నారు.

ఉపన్యాసం మధ్యలో లాజరు లేచి చేతులు జోడించాడు. "అయ్యా, మా చేనికి వంతు దాటి ఆరు రోజులైందండి. ఇంకా రెండు రోజులే ఆగుతుందండి."

మంత్రిగారు ఈఈ గారి వైపు చూశారు. ఈఈ గారు ల్యాప్‌టాప్ వైపు చూశారు.

"ఈ శివారు పొలాలు మన మోడల్‌లో లేవండి."

మంత్రిగారి మొహం తేటపడింది. "విన్నావుగా. లేని పొలానికి నీళ్లెలా ఇస్తామయ్యా?"

లాజరు వెటకారం ఎరగడు. నిజంగానే తెలియక అడిగాడు. "మరి తమరిప్పుడు నిలబడింది ఎక్కడండి?"

మంత్రిగారు కిందికి చూసుకున్నారు. ఈఈ గారూ చూసుకున్నారు.

మర్నాడు పేపర్లో ఫోటో లేకుండా నాలుగు లైన్ల వార్త వచ్చింది. మంత్రిగారు ఈ వ్యవస్థను ఆన్‌లైన్‌లో ప్రారంభించారనీ, రైతుల నుంచి ఫిర్యాదులేవీ రాలేదనీ.

లాజరు దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కొడవలి తీసుకుని చేలోకి దిగాడు. ఇంకా పచ్చిగా ఉండగా కోస్తే గేదెలైనా తింటాయి.