అత్తగారి రివాల్వర్‌కు మెరుగు

టైపు మిషన్ల మెకానిక్‌కు ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే: పదకొండింటికి రాబోయే పాతవస్తువుల నిపుణుడికి అత్తగారి రివాల్వర్ చూపించి ధర కట్టించడం. టైపు కొట్టేవాళ్లే కరువైపోయాక ఆయన పనిముట్లకు పని లేకుండా పోయింది. సోమవారం నుంచి బావమరిది ప్లాస్టిక్ బకెట్ల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం కూడా అయిపోయింది. ఆ రివాల్వర్ నాలుగు డబ్బులు తెచ్చిపెడితే చిన్న గది అద్దెకు తీసుకుని మళ్లీ రిపేరు పని మొదలుపెట్టవచ్చు. లేదంటే మిగిలిన జీవితమంతా బకెట్లే.

అత్తగారు మనస్ఫూర్తిగానే ఇచ్చారు. "మా మావగారి నాన్నగారిదట. ట్రంకుపెట్టె అడుగున తుప్పుపట్టి పడుంది. మీ అక్కరకొస్తే అంతకంటేనా" అన్నారు.

నిపుణుడు ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఉన్నది ఉన్నట్టే ఉంచమని. కానీ తుప్పుపట్టిన వస్తువును పరాయివాడి చేతిలో పెట్టడం మెకానిక్‌కు మహా నామోషీ. రెండు రోజులు కూర్చుని, దాన్ని విప్పి, నూనె పోసి, లోపల బిగుసుకుపోయినవన్నీ బతిమాలి కదిలించాడు. పైన గరుకు కాగితంతో రుద్ది రుద్ది, అందులో చూసుకుని తల దువ్వుకునేంత మెరుగు పెట్టాడు.

ఆ ఉదయం పది గంటలకు నిపుణుడు మళ్లీ ఫోన్ చేశాడు.

"తూటాలు లేవు కదా? అయితే ఒకసారి ట్రిగ్గర్ లాగి చూడండి. వెనకున్న సుత్తి దానంతటదే లేచి పడితే డబుల్ యాక్షన్. వేలితో లేపితేనే గానీ పని చెయ్యకపోతే సింగిల్."

ఖాళీగా ఉందని మరోసారి చూసుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గర నిలబడి మెకానిక్ ట్రిగ్గర్ లాగాడు. సుత్తి లేచి టక్కుమని పడింది. ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న రిటైర్డు మాస్టారు రెండు చేతులూ పైకెత్తారు.

"మాస్టారూ, ఇది ఖాళీదేనండి."

"మీరు చెబితే కాదంటానా బాబూ" అన్నారు మాస్టారు, చేతులు దించకుండానే.

ఇంకోసారి లాగి చూపిస్తే నమ్ముతారనుకున్నాడు మెకానిక్. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. రెండో టక్కుకు మాస్టారు తడిబట్టలతో సహా లోపలికి మాయమయ్యారు. ఆయన భార్య పోలీసులకు ఫోన్ చేసేసరికి ఒక రివాల్వర్ రెండైంది. ఆవిడ చెప్పడం పూర్తయ్యేసరికి అత్తగారు బందీ అయిపోయారు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా, మఫ్టీలో ఉన్న ఎస్సై తలుపు తట్టాడు.

"మీ ఇంట్లో తుపాకీ ఉందటగా?"

"మీకోసమే చూస్తున్నామండి. రండి, కూర్చోండి" అంటూ మెకానిక్ భార్య నవ్వుతూ కుర్చీ వేసింది.

మెకానిక్ పరుగున రివాల్వర్ తెచ్చి అతని ముక్కు ముందు పెట్టాడు. "వేలు ఆనిస్తే చాలండి. ఎంత సుతారంగా పడుతుందో వినండి."

టక్కుమంది. కుర్చీలో మనిషి లేడు, బల్ల కింద ఉన్నాడు. కిందనుంచి కూడా పరీక్షిస్తున్నాడంటే నిఖార్సైన నిపుణుడే అనుకున్నాడు మెకానిక్. అంతలో, "నేను ఎస్సైని. అది కింద పెట్టండి" అని బల్ల కిందనుంచి వినిపించింది. మెకానిక్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

సరిగ్గా అప్పుడే, చేతిలో సంచీతో అసలు నిపుణుడు గుమ్మంలోకి వచ్చి, "రివాల్వర్ ఎక్కడండీ?" అన్నాడు. ఇతనెవరో ఇంకా పెద్ద అధికారి అనుకున్నాడు మెకానిక్.

"మా ఇంట్లో తుపాకీ అనేదే లేదండి."

"ఉంది" అంది బల్ల కింది గొంతు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి ఒక్క చూపులో అంతా గ్రహించారు. "కిందున్నాయన పోలీసు, గుమ్మంలో ఉన్నాయన ధర కట్టేవారు. అందరూ కుర్చీల్లో కూర్చుంటే మాట్లాడుకుందాం."

దానికి పట్టే తూటాల తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్లయిందని, ఇక అది ఉత్త పాతవస్తువేనని నిపుణుడు ఎస్సైకి నచ్చజెప్పాడు. తర్వాత భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చాడు.

"నిజమైన డబుల్ యాక్షనే. దీనిమీద తయారు చేసినవాళ్ల ముద్ర, నంబరు ఉండాలే?"

"అక్కడ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే రుద్దేశానండి."

"ఆ ఎగుడుదిగుడే దాని ఖరీదు. ఇప్పుడిది పాత ఇనుము."

మెకానిక్ కూలబడిపోయాడు. చేతులారా తన దుకాణాన్ని తానే అరగదీసుకున్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు కూడా. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

నిపుణుడు మాత్రం ట్రిగ్గర్ లాగాడు. మళ్లీ లాగాడు. చెవి దగ్గర పెట్టుకుని మూడోసారి లాగాడు.

"ఇది మొదట్నుంచీ ఇలాగే పని చేసేదా?"

"ఎక్కడండీ, లోపల స్ప్రింగు విరిగిపోతేనూ. టైపు మిషన్ స్ప్రింగు కోసి, వంచి వేశాను."

"ఇలా బిగుసుకుపోయినవి నా దగ్గర పదిహేడున్నాయి. విప్పిన ప్రతివాడూ తిరిగి బిగించలేక సంచిలో పోసి తెచ్చిచ్చాడు. మీరు చేసిపెడతారా? గదికి అడ్వాన్సు నేనిస్తాను."

మెకానిక్ కళ్లు తుడుచుకున్నాడు. చేస్తానని తల ఊపాడు.

"ఒక్కటే షరతు. లోపల మీ ఇష్టం, పైన మాత్రం చెయ్యి పెట్టకూడదు."

ఆ షరతు అమలు చూసే బాధ్యత అత్తగారు తీసుకున్నారు. జీతం లేని ఉద్యోగమే అయినా, ఇంతవరకు ఆవిడ ఒక్కరోజు సెలవు పెట్టలేదు.