ఊదారంగు బడిసంచి విజయము

స్వస్తి! రోహిణి కార్తె వెడలిపోయియు, అద్దె కట్టక ఖాళీచేయని కాపురస్థునివలె ఎండ తిష్ఠవేసిన జూను మాసమున, బడులు తెరచుటకు ముందటి ఆదివారమున, గుంటూరు బ్రాడీపేటయందలి విద్యాకల్పవల్లి స్టోర్సు ద్వారమున బ్యానరను వస్త్రశాసనము వెలసెను: ‘ఈ ఒక్కరోజు బడి సామాన్లపై పన్ను మేమే కట్టుకుంటాం.’ అంతట తల్లిదండ్రులు ఆటో స్కూటరు ట్రాక్టరు పదాతి చతురంగబలసమేతులై విరుచుకుపడిరి.

అందొకడు పెదకాకాని మిరపరైతు, నిత్యస్వేదాభిషిక్తుడు, బస్తాభారవహనధురంధరుడు, చలమయ్య. ఉదయమే కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసి, ఘాటెక్కిన భుజముమీది తువ్వాలుతోనే వచ్చెను. పాపము, సరదాకు వచ్చినవాడు కాడు. నిరుడు పురుగుమందు కంపెనీవారు ఊరికే ఇచ్చిరని వారి ప్రచారపు సంచిని కూతురు బిందుమాధవికి తగిలించెను. ‘కాయతొలుచు పురుగుకు కాలయముడు’ అను రాతను వీపున మోసిన పాపమునకు, బడియంతయు ఏడాది పొడుగునా ఆ పిల్లను ‘పురుగుమందూ’ అనియే పిలిచెను. పిల్ల ఏడ్వలేదు. అదియే తండ్రి గుండెను కోసినది.

"ఆరో తరగతిలోనైనా నన్ను పేరుతో పిలవాలి నాన్నా" అని మాత్రము అన్నది.

ఇల్లాలు రాజేశ్వరి పన్ను లేని ధరకు సరిపడా సొమ్ము చేతబెట్టి, "మళ్లీ ఊరికే వచ్చిందని ఏదో పట్టుకొచ్చావంటే గడప తొక్కనివ్వను" అని సాగనంపెను.

సంగ్రామము చెలరేగెను. మోచేతులు గదలయ్యెను, గొడుగులు శూలములయ్యెను. కట్టకడకు కొక్కెమున మిగిలినది ఒకే ఒక్క ఊదారంగు సంచి. చలమయ్య వెనుకవరుసలో ఇరుక్కొనియుండగా, ముందువరుసనుండి బ్రాడీపేట సుబ్బరావమ్మగారు మనుమడికొరకు చేయి చాచిరి.

అప్పుడు మన వీరునికి ఆర్టీసీ బస్సు స్ఫురించెను. కిటికీలోనుండి తువ్వాలు వేసి సీటు ఆపుట మనవారికి ఉగ్గుపాలతో అబ్బిన అస్త్రవిద్య కదా! భుజమునున్న తువ్వాలును చుట్టి, గిరగిర త్రిప్పి, విసరెను. అది జనశిరస్సులమీదుగా మిరపఘాటు వెదజల్లుచు పోవుచుండగా, ఎవరో "హాచ్" అనిరి.

తుమ్ము వినబడిన ఎంతటివారైనా ఆగవలె గదా! సుబ్బరావమ్మగారి చేయి గాలిలోనే ఆగెను. ఆ క్షణముననే తువ్వాలు సంచిమీద పడెను. ఆపై వరుసలన్నియు తుమ్ముచు కుప్పకూలెను.

"తువ్వాలు పడింది, బ్యాగు నాదమ్మా" అనెను చలమయ్య.

"ఇదేమన్నా బస్సా ఏవయ్యా?" అనెను ఆమె, కళ్లు తుడుచుకొనుచు.

వీరుడు రొమ్ము విరిచి పలికెను: "అమ్మా! సింహాసనమునకు సోదరులు కలహింతురు గాక, పొలముగట్టుకు దాయాదులు తలలు పగులగొట్టుకొందురు గాక, తువ్వాలు పడిన సీటున ఈ గుంటూరు సీమలో ఎవడైనా కూర్చుండెనా? మీరు కూర్చుంటిరా?"

సుబ్బరావమ్మగారు ప్రక్కకు ఒదిగి త్రోవ ఇచ్చిరి. "లేదు నాయనా, ఎప్పుడూ కూర్చోలేదు. తీసుకో."

యజమాని కరుణాకర్ తుమ్ముచునే బిల్లు కొట్టెను. పన్ను చోట సున్న!

ఇంట బిందుమాధవి సంచి తగిలించుకొని, తుమ్మి, అద్దమునకు వీపు త్రిప్పి చాలాసేపు చూచుకొనెను.

"ఘాటుగా ఉంది నాన్నా. కానీ ఏం రాసిలేదు. నా పేరు నేనే రాసుకుంటా" అనెను.

చలమయ్య కళ్లు చెమర్చెను. మిరపఘాటని బొంకెను. తువ్వాలు కొట్టులోనే మరచిన సంగతి రాజేశ్వరికి చెప్పనేలేదు.

ఈ గాథ విన్న కన్నవారికి తువ్వాలు వేసినచోటెల్ల సీటు దొరకుగాక! వారి పిల్లల వీపున పురుగుమందు పేరు ఎన్నడును పడకుండుగాక!