దక్షిణ ధ్రువానికి దరఖాస్తు

ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే ఊళ్లో పుట్టినవాడు దక్షిణ ధ్రువం మీద నవల రాయకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఈ లోటు ఇంకా ఎవరి దృష్టికీ రాలేదు కాబట్టి మిర్యాలగూడ రైసు మిల్లు వారసుడు బద్రీనాథ్ రాయడానికి పూనుకున్నాడు.

గడ్డాలకు మంచు పట్టినా, తిండి లేక తోలు బూట్లు ఉడకబెట్టుకు తిన్నా, డైరీ రాయడం మానని ధ్రువ యాత్రికులంటే అతనికి ప్రాణం. (మిల్లులో ఊక లెక్క రాయమంటే మాత్రం చేయి నొప్పి.) నవల చివర నాయకుడు చలికి చచ్చిపోవాలి. చావడం లేదు. రాసేవాడికి తెలిసిన చలి అంతా ఐస్‌క్రీం బండి దగ్గరిదే మరి. ఏడాదిగా నాయకుడు మంచులో నిలబడే ఉన్నాడు. ఈ నవల అచ్చు కాకపోతే తాను ఉత్త మిల్లు ఓనరుగానే పోతానన్న బెంగతో బద్రీనాథ్‌కు అన్నం సహించడం లేదు.

"ఆయన్నన్న సంపుండ్రి, లేకుంటే ఇంటికన్న తోల్కరాండ్రి," అంది భార్య ఉషశ్రీ. "గాడ నిలబెట్టి ఏం సాధిస్తున్నరు?"

కోదాడ దగ్గర మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో గంటసేపు కూర్చుంటే చలి సంగతి తేలుతుందనుకున్నాడు. దానికి సూర్యాపేటలోని శీతల ప్రవేశ ధ్రువీకరణ కార్యాలయం అనుమతి కావాలన్నారు. 'పని: దక్షిణ ధ్రువం' అని దరఖాస్తు రాసిచ్చాడు. గుమాస్తా సక్కుబాయి అది చదివి, లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"ధ్రువం ఇస్తం సార్. గని దక్షిణ సంగతి గిట్ల కాయితం మీద రాస్తరా ఎవలన్న?"

అది భూమికి అడుగున ఉంటుందని అతను వివరించబోయాడు.

"బల్ల కిందనే ఉంటదని అందరికెరుకే. రాయద్దంటున్న."

భయపడి ఉత్తర ధ్రువమని దిద్దితే కాయితం ఉత్తరాల సెక్షనుకు పోయింది. అక్కణ్ణుంచి అధికారి గిరిధర్ దగ్గరికి చేరేసరికి వానాకాలం వచ్చింది. గిరిధర్ దయగల మనిషి. రిజిస్టరులో మిర్చికి, చింతపండుకు, పప్పులకే చోటుంది, నవలాకారుడికి లేదు. అందుకని బద్రీనాథ్‌ను మిర్చిగా నమోదు చేసి, రకం దగ్గర 'తాలు' అని రాయించాడు. (రంగు పోయి ధర పలకని కాయను వ్యాపారులు అలా అంటారు.) బద్రీనాథ్ మనసు చివుక్కుమంది, అయినా సంతకం పెట్టాడు.

గంటసేపు చలికి వణికి, మిర్చి ఘాటుకు ఏడ్చి, ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా నాయకుణ్ణి చంపేశాడు. ఎంత హాయిగా చచ్చాడో! ఆ పూట బద్రీనాథ్ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తర్వాత, పని ముగిశాక తెలియజేయాలన్న షరతు ప్రకారం, 'నాయకుడు మరణించాడు' అని ఆఫీసుకు రాశాడు.

గిరిధర్ కబురుపెట్టి, శవమేదని అడిగాడు. మంచులో ఉందన్నాడు బద్రీనాథ్.

"మరణ ధ్రువీకరణ లేకుంట మీరెట్ల సంపుతరు సార్? రూల్ ఒప్పుకోదు."

చావు రద్దయింది, నవల అచ్చు ఆగింది. బతికే ఉన్నట్టు ఏటా నవంబరులో స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలని, వేళ్లు మంచుకు రాలిపోయి ఉంటే ఆ మేరకు వేరే ధ్రువీకరణ జతపరచాలని నాయకుడికి నోటీసు వెళ్లింది.