ముందు నంబరు, తర్వాత జాగ్రత్త

ఒక పెద్ద అడవిలో అందరికన్నా తెలివైనవాడు ఎలుగుబంటి భూపతి. ఆ మాట చెప్పిందీ భూపతే.

"నన్ను మోసం చేసేవాడు ఇంకా గుడ్డులోంచి బయటికి రాలేదర్రా!" అని ఒకనాడు రొమ్ము చరుచుకున్నాడు. చరుచుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి కదా! అందుకని చేతిలోని పనసపండు పక్కనున్న కోతికిచ్చి, "కాస్త పట్టుకో" అన్నాడు. ఆ పండూ ఆ కోతీ మళ్ళీ కనబడలేదు.

ఆ అడవిలో ఒక బ్యాంకు ఉండేది. వానలు పట్టుకుంటే తిండి దొరకదు గనక, జంతువులన్నీ ఎండాకాలమంతా దుంపలు, గింజలు, తేనె అందులో దాచుకునేవి. అవసరం పడినప్పుడు ఫోన్ చేసి కార్డు నంబరు చెబితే చాలు, బ్యాంకు ముంగిసలు సరుకు మోసుకొచ్చి చెప్పినచోట దించేవి.

భూపతి ఇంటి తేనె కూడా అక్కడే ఉంది. "వానాకాలం పిల్లలకి అదొక్కటే దిక్కు. కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని భార్య భ్రమరమ్మ రోజూ పోరుతూనే ఉండేది.

ఇంతలో దొంగ ఫోన్లు మొదలయ్యాయి. "మీ కార్డు ఆగిపోయిందండీ, నంబరు చెబితే బాగుచేస్తాం" అని ఓ తియ్యటి గొంతు. దుప్పి చెప్పింది, దాచుకున్న గింజలన్నీ పోయాయి. "మీకు లాటరీలో ముల్లంగి తోట తగిలింది" అని కుందేలుకు మెసేజి వచ్చింది. తోట రాలేదు సరికదా, ఉన్న దుంపలూ పోయాయి. ఆ గొంతు గోరింకదని ఎవరికీ తెలియదు.

సింహంగారికి కోపమొచ్చింది. కోపమొస్తే ఆయన చేసే పని ఒక్కటే, సంఘం వేయడం. మోసాల నివారణ సంఘానికి భూపతి అధ్యక్షుడు, ఉడుత కార్యదర్శి.

"అందరికీ మనమే ఫోన్ చేసి, కార్డు నంబరు ఎవరికీ చెప్పొద్దని హెచ్చరిద్దాం" అన్నాడు భూపతి.

"బాగుందండీ. కానీ ఫోనెత్తింది అసలు ఖాతాదారో కాదో మనకెలా తెలుస్తుంది? దారినపోయేవాడికి హెచ్చరిక చెప్పేస్తే దండగ కదండీ!" అంది ఉడుత.

భూపతి గడ్డం గోక్కున్నాడు. "అయితే ముందు కార్డు నంబరు అడుగుదాం. సరిగ్గా చెప్పినవాళ్ళకే హెచ్చరిక."

"అబ్బ, ఏం బుర్రండీ!"

మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. నంబరు చెప్పినవాళ్ళ గుమ్మానికి 'ఈ ఇంటివారు అప్రమత్తులు' అని పలక కట్టించారు. పక్కింటికి పలక ఉండి తమకు లేకపోతే పరువేం కాను? జంతువులు తామే ఫోన్ చేసి, అడిగించుకోకుండా నంబర్లు అప్పజెప్పడం మొదలుపెట్టాయి.

ముళ్ళపంది మాణిక్యమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

"నంబరు ఎవరికీ చెప్పొద్దని చెప్పడానికి నా నంబరు కావాలా నాయనా?"

"రూలు, పిన్నీ" అన్నాడు భూపతి.

"నీ రూలుకు నా ముల్లు గుచ్చ! పెట్టెయ్ ఫోను."

తెలివి ఎక్కువై కాదు లెండి. తన వయసు కోడలికే చెప్పని మనిషి, వీళ్ళకు నంబరు చెబుతుందా? ఆవిడ బొరియకు 'ఈ ఇంట అవగాహన లేదు' అని పలక కట్టించాడు భూపతి.

ఇదంతా సంఘం గుహ మీద వాలి గోరింక వింది. పాపం, ఇన్నాళ్ళూ లాటరీలనీ లంకెబిందెలనీ కొత్త అబద్ధాలు అల్లలేక దాని గొంతు ఎండిపోయేది. ఇప్పుడా కష్టం తీరింది. "మోసాల నివారణ సంఘం నుంచండీ" అంటే చాలు, నంబరు వచ్చి ఒళ్ళో పడేది. చివర్న "జాగ్రత్తగా ఉండండమ్మా" అని చెప్పడం మాత్రం మానేది కాదు. ఎంతైనా పద్ధతి గల పక్షి.

తొలి వాన కురిసిన పొద్దున తిండి కోసం అందరూ బ్యాంకుకు పరుగెత్తారు. లోపల మాణిక్యమ్మ దుంపలు తప్ప మిగిలింది గాలే.

"ఏటి అవతల దించమన్నారు, దించాం. గోరింక దగ్గరుండి దింపించుకుంది" అన్నాయి ముంగిసలు, తమ తప్పేమీ లేనట్టు. ఏటి అవతల చూస్తే సరుకూ లేదు, గోరింకా లేదు.

"ఏమయ్యా అధ్యక్షా, ఇదేనా నీ నివారణ?" అని అడవిదున్న కొమ్ములు దించింది.

భూపతి గొంతు సవరించుకున్నాడు. "తొందరపడకండర్రా. ఇక మీలో ఎవరైనా మోసపోగలరా? పోవడానికి ఏముంది గనక? అంటే మోసాలు ఆగినట్టే కదా!"

భ్రమరమ్మ పిల్లల్ని వెంటేసుకుని ముందుకొచ్చింది. "అడవి సంగతి తర్వాత. మన తేనేదీ?"

భూపతి ఉడుత వెనక నక్కబోయాడు.

"చెప్పరేం?"

"నాకూ ఫోన్ చేసింది" అని గొణిగాడు.

"అడగ్గానే చెప్పేశారా?"

"ఛ, అడగ్గానే ఎందుకు చెబుతానే! అసలది అడగలేదే!" భూపతి గొంతు ఇంకా సన్నబడింది. "నేనని తెలిసి బెదిరిందో ఏమో, తడబడి ఉత్త జాగ్రత్తలు చెప్పి పెట్టెయ్యబోయింది. మన సంఘం పిల్లే కదా అని... 'అలా కాదమ్మా, ముందు నంబరు అడగాలి' అని నేనే అందించాను."

నీతి: ముక్కూ మొహం తెలియనివాడికి కార్డు నంబరు చెప్పకూడదు, ముందు వాణ్ణి ఏదో ఒక సంఘంలో చేర్పించి, ఆ తర్వాత చెప్పాలి.