గడ్డిలో ముగ్గిన మెంబరు

“బావా! ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నేనింకా వెతకనివాళ్ళు!”

చంకలో చిన్నది, చేతిలో ట్రంకు పెట్టె, నెత్తిన వైశాఖ మాసపు ఎండతో చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగిన నాకు మా బావమరిది కొండబాబు పలికిన స్వాగతం అది. పెట్టె అందుకుంటాడేమోనని చెయ్యి చాపాను. అతను ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బొటనవేలికి బొగ్గు మసి. కాబట్టి, బావా, నీవు రైలులో ప్రయాణించి వచ్చావు!”

“టేసన్లో రైలు దిగినోడు పడవలో వస్తాడేట్రా?” అంది మా ఆవిడ పద్మకుమారి. “ముందు ఆ పెట్టి పట్టు.”

నేను నెల్లిమర్ల జనపనార మిల్లులో గుమాస్తాని. ఏటా వేసవిలో పిల్లలతో సహా అత్తవారి ఊరు సారగుంపాంలో దిగడం ఆనవాయితీ. అక్కడ కొండబాబుకి అద్దె సైకిళ్ళ షాపుంది. గిరాకీ లేనప్పుడు రైల్వే స్టేషన్లో దొరికే డిటెక్టివ్ నవలలు చదివేవాడు. నవలలు పెరిగే కొద్దీ గిరాకీ తగ్గింది, గిరాకీ తగ్గే కొద్దీ నవలలు పెరిగాయి. చివరికి బోర్డు మీద “సైకిళ్ళు అద్దెకివ్వబడును” అన్న దాని కింద “నేరములు పరిశోధింపబడును” అని రాయించాడు. నవలల్లోలాగే మాట్లాడతాడు. భయం వేస్తే మాత్రం ఊరి భాషలోకి దిగిపోతాడు.

అతని ఘనవిజయాల్లో మా అత్తగారి అట్లకాడ కేసు ఒకటి. పక్కింటి కోడిపుంజుని ముద్దాయిగా తేల్చాడు. పక్కింటివాళ్ళు అవమానం భరించలేక పుంజుని కోసి మాకూ కూర పంపారు. ఆ గిన్నె పెట్టడానికి పొయ్యి గట్టు సర్దుతుంటే అట్లకాడ దొరికింది. “నేరస్థుడు చచ్చాక సొత్తు బయటపడింది” అన్నాడు కొండబాబు.

మేం దిగేసరికి ఊళ్ళో గాలి కూడా పార్టీలుగా చీలి వీస్తోంది. పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావు మీద మామిడితోటల జగన్నాధం అవిశ్వాస తీర్మానం పెట్టాడు. మెంబర్లు సరిసమానంగా చీలిపోయారు. మధ్యలో మిగిలింది సోములు ఒక్కడే. మెత్తటి మనిషి, గోగు పంట రైతు. అటువాళ్ళు అడిగినా “సూద్దుం” అన్నాడు, ఇటువాళ్ళు అడిగినా “సూద్దుం” అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు పార్టీలకీ నిద్ర లేకుండా చేశాడు.

మర్నాడు పొద్దున్నే సోములు భార్య చిన్నతల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని మా అత్తవారింటికి వచ్చింది.

“కొండబాబూ, మా ఇంటాయన రాత్రి నుంచీ కనపడ్డం లేదయ్యా! రేపే గదా మీటింగు! ఎవులు ఎత్తుకుపోనారో, ఏటి సేస్తన్నారో!”

కొండబాబు కళ్ళు పెట్రోమాక్సు లైట్లలా వెలిగాయి. “ఏడవకమ్మా. నీ భర్త మాయమైన క్షణంలోనే హంతకుడికి... కాదు, కిడ్నాపరుకి చివరి ఘడియ మొదలైంది!”

‘హంతకుడు’ అన్న మాట వినగానే ఆవిడ ఏడుపు రెట్టింపైంది. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

“ఇంట్లో ఎవరెవరున్నారు?” అడిగాడు కొండబాబు.

“పిల్లలకి సెలవులు గదా, మా పుట్టింటోళ్ళందరూ పలాస నుంచి వచ్చినారు. మా అన్నయ్యలు, వదిన్లు, సిన్నాన్న, ఆళ్ళ పిల్లలూ. ఇంటినిండా జనఁవే.”

“ఇంటినిండా సాక్షులు! అయినా ఎవరూ చూడలేదు! చూశావా బావా, ఎంత పకడ్బందీ ముఠాయో!”

అప్పటికే బజార్లో నరసింగరావు మనుషులు ఒక వైపు, జగన్నాధం మనుషులు మరో వైపు చేరారు. “మా మెంబరుని మీరే దాసినారు!” అంటే “మా మెంబరుని మీరే దాసినారు!” అని రెండువైపులా ఒకటే కేక. చేతికర్రలు, పలుగులు బయటికొచ్చాయి. సాయంత్రంలోగా సోములు కనపడకపోతే తలలు పగలడం ఖాయమని పెద్దవాళ్ళు పిల్లల్ని ఇళ్ళల్లోకి తోలేస్తున్నారు. చిన్నతల్లి మొహం చూస్తే నాకూ గుండె తరుక్కుపోయింది. అందుకే, “పద బావా, విజయనగరం!” అని కొండబాబు అనగానే, బుద్ధి వద్దంటున్నా బయల్దేరాను.

“విజయనగరమే ఎందుకు?”

“కిడ్నాపు చేసినవాళ్ళు మెంబర్లను లాడ్జీల్లో దాస్తారు. మన ఊళ్ళో లాడ్జీ లేదు. ఇది తర్కం.”

చీపురుపల్లి దాకా సైకిళ్ళ మీద వెళ్ళాం. బ్రేకులున్న సైకిళ్ళు అద్దెకి, లేనివి ఇంటివాడకానికి అన్నది అతని వ్యాపార సూత్రం. మాకు ఇంటివాడకానివే దక్కాయి. వాటిని స్టేషన్ దగ్గర టీకొట్టులో పెట్టి రైలెక్కాం.

విజయనగరంలో దిగీ దిగగానే తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని బెంచీ మీద మూలుగుతున్న ఒకాయన కనిపించాడు. “నోరు కట్టేశారు!” అంటూ కొండబాబు ఒక్క గెంతులో వెళ్ళి తువ్వాలు లాగేశాడు. ఆయనది పార్వతీపురం. పన్ను పీకించుకుని రైలు కోసం కూర్చున్నాడు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట గాని, మా కోసం ఆ నియమం పక్కనపెట్టి, మా వంశంలో ఎవరినీ వదలకుండా తిట్టాడు. లాడ్జీల్లో ఎక్కడా సోములు లేడు. ఒక లాడ్జీవాడు మమ్మల్నే దొంగలనుకుని పేర్లడిగాడు.

తిరుగు ప్యాసింజర్లో నిలబడడానికే చోటు లేదు. సెలవులకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, పనసకాయలు, కోడిపిల్లలు, మరచెంబులు. తలుపు దగ్గర ఖాళీ బుట్టల మీద కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఒకామె పేరు దాలమ్మ, రెండో ఆమె జగ్గమ్మ అని వాళ్ళ పిలుపుల్లో తెలిసింది.

“పాకలో గడ్డి కప్పి పెట్టినాం గదా, ఎలాగున్నాదే దాలమ్మా?”

“ఇంకా గట్టిగానే ఉన్నాదప్పా. పొద్దున్న నొక్కి సూసినాను. లొంగలేదు.”

కొండబాబు వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి.

“సాయంత్రానికి మెత్తబడతాదిలే. మెత్తబడగానే జగన్నాధం బాబుకి అప్పగించీద్దుం.”

“మరి ఆ కలక్టరో?”

“కలక్టరా? ముక్కలుగా నరికీసి ఉప్పూకారం పెట్టీడమే!”

కొండబాబు ఊరి భాషలోకి దిగిపోయాడు. “ఇన్నావా బావా!” అని నా చెవిలో గుసగుసలాడాడు. “మెంబరుని గడ్డిలో కప్పెట్టినారు. నొక్కి సూస్తన్నారు! రేపు మీటింగుకి మెత్తబరిసి తెస్తారు. ఆపైన జిల్లా కలక్టరు గారినే...”

“ఒరే, అవి మామిడిపళ్ళురా. కలక్టరంటే పొడుగ్గా, కొనదేలి ఉండే కాయ. మీ అమ్మ కూడా...”

అతను గుండె చిక్కబట్టుకుని మళ్ళీ పుస్తకభాషలోకి ఎక్కాడు. “అమాయకుడా! సామాన్యులు అలా అనుకోవాలనే వారు ఆ పరిభాషను ఎన్నుకున్నారు!”

చీపురుపల్లిలో దిగి ఆ ఆడవాళ్ళు ఎడ్లబండి ఎక్కారు. వెనకాల మేం సైకిళ్ళ మీద. బండి వెనక సైకిలు తొక్కడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. తొక్కితే ఎద్దుల్ని దాటిపోతాం, ఆపుదామంటే బ్రేకుల్లేవు. దాలమ్మ మా వైపు చూసినప్పుడల్లా కొండబాబు ఆకాశంలోకి చూసి ఈల వేసేవాడు. “ఆ బాబుకి మెడ పట్టీసినట్టున్నాది” అని జగ్గమ్మ జాలిపడడం నాకు వినిపించింది.

బండి సారగుంపాం పొలిమేరలో గట్టుమీదున్న జగన్నాధం తోటలో ఆగింది. ఆడవాళ్ళు నూతి దగ్గరికి వెళ్ళగానే కొండబాబు పాకలోకి దూరాడు. లోపల నడుమెత్తు గడ్డి. “మెంబరు గారూ, ధైర్యం! న్యాయం వచ్చేసింది!” అంటూ తలకిందులుగా గడ్డిలోకి దూకాడు. పచక్కుమని చప్పుడైంది. కాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి.

“బావా! తల దొరికినాది! మెత్తగున్నాది!” అని లోపలి నుంచి ఏడుపు గొంతు వినిపించింది. “నెత్తురు కూడా! ఓలమ్మో, తియ్యగున్నాది!”

రసం ఓడుతున్న సువర్ణరేఖ మామిడిపండు పట్టుకుని అతను పైకి లేచేసరికి గుమ్మంలో దాలమ్మ నిలబడి ఉంది.

“ఓలమ్మో! పళ్ళన్నీ తొక్కీసినాడు! జగ్గమ్మా, కర్రట్రా! బాబుగోరూ!”

బాబుగోరు, అంటే జగన్నాధమే, తోట అవతలి నుంచి మనుషులతో పరిగెత్తుకొచ్చాడు. “నరసింగరావు పంపినాడ్రా ఈళ్ళని! మెంబరుని దాసింది సాలక, నా పంట నాశనం సేస్తన్నాడు! పట్టండ్రా!”

వివరించే అవకాశం లేదు. సైకిళ్ళెక్కి గట్టు దిగువకి వదిలేశాం. నేను గోగుచేలోకి తిప్పి, మోచేతులు గీరుకోవడంతో బయటపడ్డాను. కొండబాబుకి ఆ అదృష్టం లేదు. “తప్పుకోండహో! బ్రేకుల్లేవహో!” అని అరుచుకుంటూ, మేకల మందని చీల్చుకుంటూ పోయి, వీధి చివర ఉన్న కృపానిధి మాస్టారి పెంకుటింట్లోకి వెళ్ళాడు. గేటు తీసి ఉంది. తలుపు వేసి ఉంది. అతను వెళ్ళాక తలుపు కూడా తీసి ఉంది.

కృపానిధి మాస్టారు మిషను స్కూల్లో లెక్కలు చెబుతారు. సెలవులకి కుటుంబంతో భీమిలి వెళ్ళారు. కాబట్టి ఇల్లు ఖాళీగా ఉండాలి. కాని లోపల మడతమంచం విరిగిన చప్పుడూ, దాని మీద రెండు గొంతుల కేకా వినిపించాయి. ఒకటి కొండబాబుది. రెండోది సోములుది.

నేనూ, వెనకాల తరుముకొస్తున్న జగన్నాధం మనుషులూ ఒకేసారి గుమ్మంలోకి చేరాం. సోములు బనీనుతో, చేతిలో విసనకర్రతో నేలమీద కూర్చుని ఉన్నాడు. పక్కన మరచెంబు, చుట్టల కట్ట. కిడ్నాపైన మనిషి అంత హాయిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

క్షణాల్లో ఊరంతా అక్కడే ఉంది. నరసింగరావు వచ్చాడు, పోలీసు హెడ్డు వచ్చాడు. చిన్నతల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుణ్ణి ఒళ్ళంతా తడిమి చూసింది. దెబ్బల్లేవని తేలాక అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది.

“నీకేటొచ్చినాదయ్యా? నేను సచ్చి బతికినాను! ఎవులు తెచ్చినారు నిన్నిక్కడికి?”

సోములు తల దించుకున్నాడు. “ఎవులూ తేలేదే. మొక్కలకి నీళ్ళొయ్యమని మాస్టారు తాళం ఇచ్చినాడు. నిన్న రేత్రి నీళ్ళు పోసి, ఇలాగ మంచం మీద ఒరిగినాను. ఎంత సల్లగున్నాదో! ఎంత నిశ్శబ్దమో! లెగబుద్ధి కాలేదు.”

“ఇంట్లో మంచం లేదేటి నీకు?”

“ఉన్నాది. దాని మీద మీ సిన్నాన్న ఉన్నాడు. అరుగు మీద మీ అన్నయ్యలున్నారు. నా సెప్పులు మీ పెద్దన్నయ్య కాళ్ళకున్నాయి. గోడకి సేరబడదామంటే పిల్లలు నా వీపు మీద గుర్రం ఎక్కుతన్నారు. పోనీ బయటికెళ్దుమా అంటే ఈ ప్రెసిడెంటు బాబు ఒకవైపు లాగుతాడు, ఆ తోట బాబు ఒకవైపు లాగుతాడు. నేనెక్కడుండాలే?”

జనం నవ్వబోయి చిన్నతల్లి మొహం చూసి ఆగారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మొగుడి పక్కనే నేలమీద చతికిలబడింది.

“ఆళ్ళొచ్చిన కాణ్ణుంచీ పొయ్యి దగ్గర లెగలేదు నేను” అంది మెల్లగా. “నాకొక్క మాట సెప్తే నేనూ వచ్చీదాన్ని కదయ్యా!”

అప్పుడిక ఎవరూ ఆగలేదు. హెడ్డు టోపీ తీసి మరీ నవ్వాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళకి వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు తేరుకున్నది జగన్నాధం. “సోములు మావా, ఆమాత్రానికేటి? మీ సుట్టాలు నా సుట్టాలు కారేటి? మా ఇంటికి పంపీ!”

“ఆగెహె! ప్రెసిడెంటునుండగా నీ ఇల్లేటి?” అన్నాడు నరసింగరావు. “మా మేడ మీద పడుకుంటారు!”

కాసేపు బేరమాడుకుని ఇద్దరూ పలాస చుట్టాలను చెరిసగం పంచుకున్నారు. ఆ రాత్రి సోములు ఇంట్లో దీపం పెందలాడే ఆరిపోయింది. ఆ రెండిళ్ళలో మాత్రం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.

పొద్దున్న పంచాయతీ ఆఫీసుకి నరసింగరావు ఎర్రటి కళ్ళతో వచ్చాడు. చిన్నాన్న గారు రాత్రంతా నిలబెట్టి తన యవ్వనంలోని ముచ్చట్లు చెప్పాడట. జగన్నాధం కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అతని వంతుకి పిల్లలొచ్చారు. తీర్మానం ప్రతిపాదించమని ఆఫీసరు పిలిచేసరికి జగన్నాధం కుర్చీలోనే గురక పెడుతున్నాడు. పక్కవాడు కుదిపితే, “దిగండ్రా నా వీపు మీంచి” అని పక్కకి తిరిగాడు. ప్రతిపాదించేవాడు లేక తీర్మానం వీగిపోయింది. సోములుకి చెయ్యెత్తే పనే పడలేదు.

మెంబరుని కనిపెట్టి, ఊళ్ళో తలలు పగలకుండా ఆపినందుకు కొండబాబుకి బజార్లో దండ వేశారు. తొక్కిన పళ్ళ సంగతి జగన్నాధం నిద్రమత్తులో మరిచిపోయాడు. “తలుపు వెనక అతను ఉన్నాడని నాకు ముందే తెలుసు. అందుకే సైకిలు అటు మళ్ళించాను” అని కొండబాబు ఉపన్యసించాడు. నా మోచేతులకి పసుపు రాస్తూ మా ఆవిడ, “మా తమ్ముడు మళ్ళిస్తే నువ్వెందుకు పడ్డావు?” అంది.

ఆ సాయంత్రం సోములు సైకిల్ షాపుకి వచ్చాడు. అటూ ఇటూ చూసి కొండబాబు దగ్గరికి బల్ల జరుపుకున్నాడు.

“బాబూ, మా ఆడదాని పుట్టింటోళ్ళకి మనూరు తెగ నచ్చీసినాదట. దసరాకి కూడా వస్తామంటన్నారు. నువ్వే నాకు సాయం సెయ్యాల.”

“చెప్పండి మెంబరు గారూ. నా మేధస్సు మీ సేవలో ఉంది.”

“మళ్ళీ ఎప్పుడన్నా నేను కనపడకపోతే, నువ్వు ఎక్కడెక్కడ ఎతుకుతావో ఇప్పుడే సెప్పీ బాబూ. నువ్వెతికిన సోట ఎవులూ దొరకరు గదా, నేనూ మా ఆడదీ సక్కగా అక్కడే దాక్కుంటాం.”

కొండబాబు గర్వంగా నా వైపు చూశాడు. “విన్నావా బావా, ఎంత నమ్మకమో!”