లేని రోగికి సేవ

మానవజాతి ఇంతవరకూ తయారుచేసుకున్న రోగులందరిలోకీ ఉత్తముడు, లేని రోగి. అతను దుప్పటి మాసిందని సణగడు. అతని వెనక బంధువుల దండు రాదు. సూది గుచ్చితే కెవ్వుమనడు. పొద్దున పోయినా మధ్యాహ్నం బ్యాచి వచ్చేసరికి లేచి కూర్చుంటాడు. ఇన్ని సుగుణాలున్న మనిషిని పుట్టించడం దేవుడి వల్ల కాలేదు కాబట్టి, ఒక కంపెనీవారు పుట్టించి, కళ్లకు తగిలించుకునే డబ్బాలో పెట్టి, ఒక నర్సింగ్ కాలేజీకి అమ్మారు.

ఆ కాలేజీలో కృత్రిమ రోగుల విభాగానికి అధిపతి ఒక మేడమ్. (విభాగమంటే ఒక గది, నాలుగు డబ్బాలు, తిరిగితే చప్పుడు చేసే ఫ్యాను.) పిల్లల వెంట వార్డుల్లో తిరిగి తిరిగి నడుం పడిపోయిన మనిషి కావడంతో, కుర్చీలో కూర్చుని చేయగలిగిన పని ఏదైనా సరే ప్రగతేనని ఆవిడ గట్టిగా నమ్మింది.

డబ్బాలోని రోగిని పిల్లలు బాబాయ్ అనేవారు. ఆయనకు గుండెల్లో బరువు. "నర్సమ్మా, భయంగా ఉంది" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాదు. వచ్చిన చిక్కల్లా ఆయన గదిలో ఉంది. అక్కడ కుళాయి ఉంటుంది గాని నీళ్లు రావు. (ఈ ఒక్క విషయంలో అది అచ్చం ఆస్పత్రే.) అందుచేత మేడమ్ మొదటి నిబంధన రాసింది: "చేతులు కడుక్కున్నాను" అని బిగ్గరగా ప్రకటించిన విద్యార్థి చేతులు కడుక్కున్నట్టే పరిగణింపబడును. డబ్బాలోని యంత్రం ఆ మాట విని మార్కు వేస్తుంది.

తర్వాత ఇంకో చిక్కు. ఎవరైనా జాలిపడి బాబాయ్ చెయ్యి పట్టుకోబోతే, ఆ వేళ్లు ఆయన మణికట్టులోంచి దూసుకుపోయేవి, ఆయనేమో పరుపులోకి కుంగిపోయేవాడు. బయటికి తీయించాలంటే కంపెనీకి ఫోన్ చేసి సగం రోజు వాళ్లు పెట్టే పాట వినాలి. కనుక రెండో నిబంధన: పనికి అవసరమైతే తప్ప రోగిని తాకరాదు, తాకినచో ఫెయిల్. ఇక ఓదార్పు సంగతి. ఒక్కో పిల్ల ఒక్కోలా ఓదారుస్తుంటే యంత్రానికి బోధపడలేదు. అందరికీ ఒకే మాట ఖాయం చేశారు: "ధైర్యం చెప్పాను." ఈ మూడోది మేడమ్‌కి ఎంత నచ్చిందంటే, ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది.

ఈ చదువు అందరికంటే ముందు ఆవిడకే వంటబట్టింది. ఒకరోజు పొయ్యి ముందు నిలబడి "ఉప్పు వేశాను" అని ప్రకటించి కూర దింపేసింది. భర్త రెండు ముద్దలు తిని, "విన్నాను గానీ, తగల్లేదోయ్" అన్నాడు.

విద్యార్థుల్లో గువ్వ అని ఒక పిల్ల ఉండేది. గొంతు చిన్నది కాబట్టి ఆ పేరు. పాపం, బాబాయ్‌ని ఎంతో మెత్తగా పలకరించేది. యంత్రానికి వినపడక సున్నాలు వేసేది. "గొంతు పెంచవే తల్లీ, నువ్వు చేతులు కడుక్కున్న సంగతి గోడలకి కూడా తెలియాలి" అని మేడమ్ పోరు పెట్టేది. అయినా మొదటిసారి ఫెయిలయింది. ఇంకోసారి పోతే ఏడాదంతా మళ్లీ చదవాలి.

ఆ ఏడు కాలేజీవారు మరో ముందడుగు వేశారు. చివరి పరీక్ష నిజం వార్డులో, నిజం రోగి మీద, అవే నిబంధనలతో. విద్యార్థి కోటుకు బొత్తామంత కెమెరా, మార్కులు యంత్రానివి. సరిగ్గా అప్పుడే మేడమ్ పిత్తాశయంలో ఒక రాయి తన ఉనికిని చాటుకుంది. ఆపరేషన్ అన్నారు. మన కాలేజీ మనిషే కదా, సహకరిస్తుంది అని పరీక్షకు ఆవిడ మంచాన్నే కేటాయించారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఈవిడ ఆ గోతికి సున్నం కూడా కొట్టించింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే గువ్వ వచ్చి మంచం పక్కన నిలబడింది. ఊపిరి బిగబట్టి అరిచింది.

"చేతులు కడుక్కున్నాను!"

పక్క మంచం మీది పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. గువ్వ బీపీ చూసింది, సెలైన్ సరిచేసింది. ఆ చేతుల్లో తడి లేదన్న సంగతి మేడమ్ గమనించింది. గమనించి, నోరు మూసుకుంది.

"అమ్మాయ్, నాకు భయంగా ఉందే" అంది మేడమ్. నిజంగానే ఉంది. ఎంతమందిని ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా సాగనంపినా, తాను లోపలికి వెళ్లడం ఇదే మొదలు.

"ధైర్యం చెప్పాను!"

"ఏం చెప్పిందమ్మా నీకు?" అంది పెద్దావిడ.

"ధైర్యం చెప్పిందండీ."

"ఎప్పుడూ?"

మేడమ్ తన నిబంధన ఎంత చక్కగా పనిచేస్తోందో చూసి గర్వపడదామనుకుంది గాని, ఏడుపొచ్చేట్టుంది. గొంతు తగ్గించి, "ఒక్కసారి చెయ్యి పట్టుకోవే" అంది.

గువ్వ కోటు మీది కెమెరా వైపు చూసుకుంది. "పరీక్ష పోతుంది మేడమ్."

"సరేలే" అంది మేడమ్. తాను రాసిన రూలును తానే మీరమని బతిమాలడం ఆవిడకు సిగ్గనిపించింది. అంతలో స్ట్రెచర్ వచ్చింది. నడవలోకి మలుపు తిరగగానే ఆవిడ కళ్లలో నీళ్లు ఆగలేదు. అప్పుడు ఎవరో తన చేతిని పట్టుకున్నారు. గువ్వే. థియేటర్ తలుపు దాకా ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడలేదు, చెయ్యి వదల్లేదు. మేడమ్‌కి భయం పోలేదు గాని, ఒంటరితనం పోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పలకరించడానికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"మన యంత్రం భలే పట్టేసింది మేడమ్! నడవ పొడుగునా పేషెంటు చెయ్యి పట్టుకుందట ఆ పిల్ల. పని లేదు, పాడు లేదు. ఫెయిల్ చేసేసింది."

"ఆ పేషెంటు నేనేనండీ. పట్టుకోమన్నదీ నేనే."

"పేషెంట్లు అలాగే అడుగుతారండీ. మన బాబాయ్ ఎప్పుడైనా అడిగాడా?"

మేడమ్ ఆ రూలును రద్దు చేయాలంది. తప్పకుండా, అన్నారాయన. కాకపోతే రద్దు చేసే అధికారం విభాగాధిపతిది. విభాగాధిపతి ప్రస్తుతం సెలవులో ఉన్నారు, సెలవులో ఉన్నవారి మాట చెల్లదు. సెలవు ముగిసేలోపు ఫలితాలు వచ్చేస్తాయి. (ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉన్నట్టయితే సరిదిద్దేవారు.)

సాయంత్రం గువ్వ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. మేడమ్ రెండు చేతులూ చాచింది. ఆ పిల్ల మంచానికి దూరంగా నిలబడిపోయింది.

"మళ్లీ ఏడాదంతా చదువుతాను మేడమ్" అంది, వార్డంతా వినపడేలా. "ఈసారి జాగ్రత్తగా ఉంటాను. ఎవర్నీ ముట్టుకోను."