పాపకు తాళం పడిన ఆదివారం

ఆఫీసులో సుభాషిణి పాస్‌వర్డు గడువు తీరినప్పుడల్లా, నిబంధన ప్రకారం, ఆమె ఆరేళ్ల కూతురి పేరు కూడా మారిపోయేది. ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ పాస్‌వర్డుగా పాప పేరు మందాకిని అని పెట్టుకుంది. ఇంట్లో నలుగురూ పిలిచే పేరు కంప్యూటరులో ఉంటే ప్రమాదం కదా! కంప్యూటరును మార్చడం కంటే పాపను మార్చడం తేలికని తేల్చారు. ఆ మాత్రం తెలివి పైవాళ్లకు ఉంటుంది. మూడు నెలలకోసారి పంతులుగారు ఆఫీసుకే వచ్చి, పళ్లెంలో బియ్యం పోసి, కొత్త పేరు రాయించి, ఎవరూ చూడకముందే చెరిపేసేవారు. ఆ బియ్యంతోనే పరమాన్నం వండి సిబ్బందికి పంచేవారు.

"ఇంకేదైనా పెట్టుకోవచ్చుగా అమ్మా?" అని భద్రతాధికారి పానకాలరావు ఓసారి అడిగాడు.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దాని మొహం చూడనండి. మెషీను తెరిచేటప్పుడైనా దాని పేరు కొట్టుకుంటే ప్రాణానికి హాయిగా ఉంటుందండీ."

పానకాలరావు మంచివాడు. "వినియోగదారు అవసరం: ప్రేమ" అని రాయబోయాడు. ఫారంలో ఆ గడి లేదు. "ఇతరములు" కింద వేశాడు.

ఓ శుక్రవారం పేరు మారింది. ఆదివారం మధ్యాహ్నం పాప ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. కంగారులో సుభాషిణి నోట పాత పేర్లే వచ్చాయి. మూడుసార్లు తప్పు పేరుతో పిలిస్తే తాళం పడుతుందని ఊళ్లో అందరికీ తెలిసిందే. పాప చూపు గోడకేసి నిలిచిపోయింది. అమ్మ మాట ఇక దాని చెవికెక్కదు. మందు గ్లాసు పట్టుకుని "తాగవే తల్లీ" అని ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు.

ఫోను చేస్తే పానకాలరావు కట్టుకున్న లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు.

"తాళం తియ్యాలంటే ఓ ప్రశ్న అడగాలమ్మా. మీకు అన్నిటికన్నా ఇష్టమైన పేరేంటి?"

"మందాకిని."

"అది పాతదమ్మా. చెల్లదు."

సుభాషిణికి ఏడుపు ఆగలేదు. ఇక పిలవడం మానేసి, పక్కన కూర్చుని, పాప నుదుటి మీద అరచెయ్యి వేసింది. కాసేపటికి పాప కళ్లు తిప్పింది. "అమ్మా, నీ చెయ్యి చల్లగా ఉందే" అని గ్లాసు అందుకుంది.

పానకాలరావు కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగం ఉద్యోగమే కనుక నివేదిక కూడా పంపాడు. మర్నాడే సర్క్యులరు వచ్చింది. తల్లి చెయ్యి వ్యవస్థలో లొసుగని తేలినందున, వచ్చే సోమవారం లోగా పూడ్చబడును.

అందరూ చదివి సంతకాలు పెట్టారు. సుభాషిణి కూడా పెట్టింది. మిగిలిన సెలవులన్నీ ఆ వారానికే రాయించుకుని, ఇంటికెళ్లి, పాప నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది.